పితికిపప్పుకు బ్రాకెట్ ఎందుకు?

మన హొసూరు, కృష్ణగిరి తట్టు తెలుగులో కతలు, ఊరి ముచ్చట్లు రాసేవాళ్లు పెరిగినారు. సంతోషమే. అయితే చదవతా వుంటే ఒక సంగతి మళ్లీ మళ్లీ తగులుతా వుంది. అవ్వ నోట్లో మాట మన ఊరిది. ఆ అవ్వను గురించి చెప్పే వాక్యం మాత్రం విజయవాడ పేపరుది. “ఏమిరా, సంగటి తినిపోరా” అంటుంది అవ్వ. వెంటనే “అని ఆమె ఆప్యాయంగా పలికింది” అని రాస్తాడు రచయిత. అవ్వ గడప లోపల, రచయిత గడప బయట నిలబడినట్లు వుంటుంది.

ఇట్ల ఎందుకు రాస్తారో అర్థమవుతుంది. ఆంధ్రావాళ్లు చదివి ‘ఇదేం తెలుగు’ అంటారేమో అని బెదురు. అయితే స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చూడండి. ఒకటి పులికాట్ సరస్సు తట్టు తెలుగు, ఇంకొకటి చిత్తూరు తట్టు తెలుగు. రెండింట్లోనూ కత చెప్పే గొంతే ఆ నేల గొంతు. అందుకే తెలియని పదం అడ్డం వచ్చినా చదివేవాళ్లు ఆగకుండా సాగిపోతారు.

రెండో సంగతి బ్రాకెట్లు. ‘పితికిపప్పు’ అని రాసి, పక్కనే బ్రాకెట్లో ‘నానబెట్టి తోలు తీసిన అనపగింజలు’ అంటారు. దానికి బదులు, “రాత్రి నానేసిన అనపగింజల్ని అవ్వ వేళ్లతో పితికి, తోలు ఒకపక్క, పప్పు ఒకపక్క వేస్తా వుంది” అని రాస్తే చాలదా? పేరులోనే పని వుంది కదా. కన్నడంలో దీన్నే హితకబేళె అంటారు. మన ‘ప’ వాళ్లకు ‘హ’ అవుతుంది: పాలు హాలు, పులి హులి. మూడు భాషలు కలిసేచోట బతికే మనం చెప్పాల్సిన ముచ్చట ఇది. బ్రాకెట్లో ఇది పట్టదు.

మూడోది, పదాల్ని కుప్ప పోయడం. ఒకే వాక్యంలో అయిదు పాత పనిముట్ల పేర్లు వస్తే ఒక్కటీ మనసులో నిలవదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల పని. హద్దుకు ఇవతల వుండే మన పదాలకూ అట్లాంటిది కావాల. కానీ కోశం పని వేరు, కత పని వేరు. కతలో ఒక పనిముట్టు చాలు. దాన్ని ఎవరో ఒకరు పట్టుకొని పని చేస్తా వుండాల.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడతా, తెలుగు అక్షరం చదవలేని పిల్లలు మన ఇండ్లలోనే వుండారు. వాళ్లకు మన రాత చేరే దారి చెవి ఒక్కటే. ఎవరో ఒకరు చదివి వినిపించాల.

అందుకని, రాసింది పంపేముందు ఇంట్లో ఒకరికి గట్టిగా చదివి వినిపించండి. మీ నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యాన్ని విరవండి. వినేవాళ్లు “ఎవురు మాట్లాడతా వుండేది?” అని అడిగితే అక్కడ గొంతు మారిందని అర్థం. ‘వుండాడు’ అని మొదలుపెడితే కడదాకా ‘వుండాడు’ అనే రాయండి, నడుమ ‘ఉన్నాడు’ వద్దు.

మీ ఇంట్లో పితికిపప్పు ఎట్ల చేస్తారో నాలుగు వాక్యాలు రాసి చూడండి. బ్రాకెట్ లేకుండా.