చాట్స్‌వర్త్ అశ్వశాల: ఒక విమర్శనాత్మక పరిశీలన

గుర్రాలకొట్టం అనగానే మన కళ్లముందు మెదిలేది ఒక పాక, గడ్డివాము, ఉలవల తొట్టి. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో డెర్వెంట్ నది దగ్గర ఉన్న చాట్స్‌వర్త్‌కు మొదటిసారి వెళ్లినవారు మాత్రం అక్కడి అశ్వశాలనే ప్రభువుగారి భవనం అనుకుంటే తప్పుపట్టలేం. నాలుగో డెవన్‌షైర్ డ్యూక్ కోసం జేమ్స్ పెయిన్ అనే వాస్తుశిల్పి దీనికి రూపకల్పన చేశాడు. 1760 ప్రాంతంలో కట్టిన ఈ కట్టడం ఒక్కో వైపు సుమారు 190 అడుగులున్న చతురస్రం. రెండు అంతస్తులు, నాలుగు మూలలా పొట్టి బురుజులు, నడుమ ఆరుబయలు ముంగిలి. 80 గుర్రాలకు చోటు.

ఇంత వైభవం గుర్రాలకెందుకు? జవాబు కట్టడం నిలిచిన చోటులోనే ఉంది. భవనానికి పడమటి నుంచి దారి ఉండాలని డ్యూక్ నిర్ణయించాడు. చూపుకు అడ్డొస్తున్న పాత గుర్రపుశాలలనూ, ఎడెన్సర్ గ్రామంలో కొంత భాగాన్నీ పడగొట్టించాడు. కొత్త అశ్వశాలను మాత్రం ఈశాన్యాన మిట్టమీద, అందరికీ కనిపించేటట్లు నిలబెట్టాడు. రైతుల ఇళ్లు కనిపించకూడదు, గుర్రాల ఇల్లు కనిపించాలి. ఈ కట్టడాన్ని మెచ్చుకొనేటప్పుడు చాలామంది దాటవేసే విషయం ఇది. దీన్ని వదిలేస్తే మన విమర్శ సగమే అవుతుంది.

ఇక ముఖద్వారం దగ్గర కాసేపు ఆగుదాం. పెయిన్ ప్రతిభ అంతా ఇక్కడే ఉంది. ద్వారానికి నాలుగు డోరిక్ స్తంభాలు. గ్రీకు స్తంభరీతుల్లో డోరిక్ దృఢమైనది, అలంకారం తక్కువ. కనుక గుర్రపుశాలకు అది తగిన ఎంపికే. అయితే పెయిన్ ఆ స్తంభాలను నున్నగా వదలలేదు. మధ్యమధ్య మొరటు రాతి పట్టీలు చుట్టాడు. దానివల్ల స్తంభం సగం నాగరికంగా, సగం కొండరాయిలా కనిపిస్తుంది. ఇది భవనం కాదు, భవనానికి అనుబంధం అని ఆ పట్టీలే చెబుతాయి. పైన త్రికోణాకారపు నుదుట వంశచిహ్నం, దానికిరువైపులా నిలువెత్తు దుప్పులు. రాతి దుప్పుల తలపై నిజమైన కొమ్ములు అమర్చారు! ఈ ముచ్చట నాకు కాస్త అతిగానే తోస్తుంది. స్తంభాల్లో చూపిన నిగ్రహం ఇక్కడ సడలింది. ఆపైన గడియారపు బురుజు, చిన్న గుమ్మటం.

లోపలికి వెళితే ఈ ఆడంబరం ఆగిపోతుంది. కింద గుర్రాలు, కమ్మరి కొలిమి. పై అంతస్తులో ధాన్యపు కొట్లు, పనివారి గదులు. గుర్రానికి కావలసిన గింజలనూ మనుషులనూ ఒకే వరుసలో సర్దారన్నమాట. అక్కడ ఒక గది తలుపుమీద ‘మూడో పోస్టిలియన్’ అని రాసిన అక్షరాలు చాలాకాలం తరువాత కూడా నిలిచి ఉన్నాయి. పోస్టిలియన్ అంటే బండికి కట్టిన గుర్రాల్లో ఒకదానిపై కూర్చొని బండి నడిపేవాడు. తలుపుమీద పేరు లేదు, కొలువూ దాని వరుస సంఖ్యా మాత్రమే ఉన్నాయి. ముఖద్వారంపై వంశచిహ్నాన్నీ ఈ తలుపునూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే కట్టడంలోని రాతలే.

1830లలో ఆరో డ్యూక్ వెనుకవైపు బండ్లశాల చేర్చాడు. 1939లో చివరి గుర్రాలు వెళ్లిపోయాయి. తరువాత ఇది సామాన్ల గిడ్డంగిగా, మోటారు షెడ్డుగా మారింది. పనివారి గదులు ఎస్టేటు ఉద్యోగులకూ పింఛనుదారులకూ ఫ్లాట్లయ్యాయి. ఇప్పుడు దుకాణాలు, భోజనశాలలు ఉన్నాయి. ఈ మార్పును కొందరు అపచారమంటారు. నేనలా అనను. ముంగిలి చుట్టూ వరుసగా గదులున్న ఈ అమరిక అంగళ్లకు ఇట్టే ఒదిగింది. పెయిన్ ఊహించని ఈ మెచ్చుకోలు అతని ప్రణాళికకు దక్కవలసిందే.