లోయ మునిగినా నిలిచిన పనితనం

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి చేరుకునే నాగార్జునకొండను ఇప్పుడు దీవి అంటున్నాం. నాగార్జునసాగర్ జలాశయం నిండకముందు అది లోయలో నిలిచిన కొండ. దాని నెత్తిన రెడ్డిరాజుల కాలం నాటి కోట, కింద లోయలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఆ శిథిలాలను 1926లో రంగస్వామి సరస్వతి గుర్తించారు. మరుసటి ఏడాది నుంచి పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు.

1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేశారు. గుంటూరు, ప్రకాశం మెరక పొలాలకు కుడికాలువ పారాలంటే ఈ లోయ మునగక తప్పదు. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయంతా గాలించి, వందకు పైగా చోట్ల కట్టడాలను వెలికితీసింది. వాటిలో తొమ్మిదింటిని కొండ మీద మళ్ళీ నిలబెట్టారు, మరికొన్నిటికి నమూనాలు కట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను పైకి తరలించిన కథ లోకమంతటికీ తెలుసు. మన కృష్ణ ఒడ్డున జరిగిన ఈ పనిని మనమే తగినంతగా చెప్పుకోలేదు.

మహాచైత్యం దగ్గర తీరిగ్గా ఆగాలి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో అతని మేనత్త శాంతిశ్రీ పూర్తి చేయించిన స్తూపం ఇది. అడ్డకొలత 106 అడుగులు. అంత గుమ్మటాన్ని నిండా ఇటుకతో కట్టాలంటే బట్టీలు చాలవు, వట్టి మట్టి పోస్తే వానకు జారిపోతుంది. ఆనాటి మేస్త్రీలు నేల మీద బండి చక్రం ఆకారంలో గోడలు లేపారు. నడుమ కుండ, దాన్నుంచి ఆకుల్లా అడ్డుగోడలు, వాటిని కలుపుతూ గుండ్రటి గోడలు. మధ్యలో మిగిలిన గళ్ళల్లో మట్టి కూరారు. ఇటుక మిగిలింది, మట్టి కదలకుండా నిలిచింది. గుమ్మటం పూర్తయ్యాక ఈ చక్రం ఎవరి కంటా పడదు. కనపడని చోట ఇంత లెక్కగా కట్టిన చేతులంటే నాకు శిల్పుల మీద ఉన్నంత గౌరవం.

తిరిగి కట్టినవాళ్ళ నిగ్రహమూ అలాంటిదే. పోయిన గుమ్మటాన్ని ఊహించి లేపలేదు. స్నానఘట్టం చూస్తే పల్నాటి సున్నపురాయిని మెట్లుగా అమర్చడంలో ఇక్ష్వాకుల నేర్పు తెలుస్తుంది. ఇక లోయలోని రంగస్థలం ఒడ్డునున్న అనుపుకు చేరింది. నడుమ దీర్ఘచతురస్రపు బరి, చుట్టూ కూర్చునే మెట్లు. కొండ చూసినవాళ్ళు అనుపు మానుకోకూడదు. దీవి మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి బయల్దేరండి.