ఎత్తుల భయము – యంత్ర చికిత్స

ఎత్తైన చోట కాళ్లు వణకు వారికై 1995లో అమెరికాలో రోత్‌బామ్ బృందము ‘వర్చువల్ రియాలిటీ’ యంత్రమును కంటికి తొడిగి, బొమ్మల వంతెనలను, అద్దాల లిఫ్టును క్రమముగా చూపెను. 12 మంది విద్యార్థులు ఈ చికిత్స పొందిరి. 8 మంది చికిత్స లేక వేచియుండిరి. మొదటివారి భయము తగ్గెను.

ప్రయోగము మెచ్చదగినదే, పోలిక మాత్రము చాలదు. చికిత్సయే లేనివారితో పోల్చినచో, గుణము యంత్రముదా, మెల్లగా అలవాటు చేయుటదా తేలదు. 2002లో ఎమెల్‌కాంపు బృందము నిజమైన ఎత్తులతోనే పోల్చిచూడగా, రెండును సమానముగా పనిచేసెను.

కావున మందు యంత్రము కాదు. మెట్టుమెట్టుగా ఎక్కి, పారిపోక నిలుచుటయే. కరీంనగరు విద్యార్థికి మానేరు తీగల వంతెన, ఆదిలాబాదు విద్యార్థికి కుంతాల మెట్లు కలవు. తీవ్రభయమునకు వైద్యుని అండ కావలెను. బలవంతముగా నెట్టుట చికిత్స కాదని ఉపాధ్యాయులు మరువరాదు.