వాసన దాచే చేతులు

అశోక్‌నగర్‌లో మా పై అంతస్తులో ఉండే టీచరమ్మ గారింట్లో పొద్దున ఆరున్నరకు ఫ్యాన్లు ఆగిపోతాయి, నడి ఏప్రిల్‌లో కూడా. గాలి తిరిగితే వాసన దాచిన చోట నిలవదు, కొట్టుకుపోయి ఎదుటి గోడ మూలన పోగవుతుంది. చిట్టి అక్కడే తచ్చాడుతూ ఉండిపోతుంది.

చిట్టి చిక్కడపల్లి మార్కెట్ దగ్గర దొరికిన వీధికుక్క. నారాయణగూడ పశువుల ఆసుపత్రిలో టీకాలు వేయించి ఇంటికి తెచ్చుకున్నారు. దానికి ఆమె నేర్పిన ఆట పైకి చాలా చిన్నది. మూడు స్టీలు గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద ఉడికిన గుడ్డు ముక్క పెడతారు. పక్కన కూర్చుని చూస్తేగానీ పనితనం కనపడదు. మూడు గిన్నెలనూ ఒకే తీరుగా తడుముతారు. ముక్క ఉన్న గిన్నెనే ముట్టుకుంటే చిట్టి గుడ్డును కాక ఆమె చేతిని వెతుకుతుంది. నిన్న ముక్క పెట్టిన గిన్నె శుభ్రంగా తోమి ఆరబెడితే తప్ప ఇవాళ ఖాళీ గిన్నెల వరసలోకి రాదు.

గుడ్డు తర్వాత లవంగం. దూది ఉండను లవంగాలతో కలిపి మూత బిగించిన సీసాలో ఒక రాత్రి ఉంచుతారు. ఆ దూదిని మాత్రమే చిల్లులు పొడిచిన రేకు డబ్బాలో దాస్తారు. లవంగ నూనె కుక్క కడుపుకు మంచిది కాదు కనుక నూనె జోలికి పోరు. అమెరికాలో పెంపుడు కుక్కలకు జరిపే వాసన పోటీల్లోనూ లవంగం ఉంటుంది. చిట్టి ముక్కు డబ్బాకు ఆనగానే గుడ్డు ముక్క అక్కడే, ఆ డబ్బా పక్కనే అందాలి. పిలిచి తన దగ్గర పెడితే లవంగానికీ తిండికీ ముడి పడదు.

కుక్క వాసన చూసేటప్పుడు సెకనుకు ఐదుసార్ల దాకా గాలి పీలుస్తుంది. వదిలే గాలి ముక్కు పక్క చీలికల గుండా వెనక్కి పోతుంది, కాబట్టి ముందున్న వాసన పెద్దగా చెదరదు. దగ్గరపడే కొద్దీ చిట్టి పీల్పులు పొట్టివై చిక్కబడతాయి. టీచరమ్మ ఆ చప్పుడు వింటూ కూర్చుంటారు.

ఒకరోజు చిట్టి కుట్టుమిషను కింద చాలాసేపు తిరిగింది. డబ్బా ఉన్నది బీరువా పక్కన. నేను ఆగలేక చెయ్యెత్తబోతే ఆమె నా మణికట్టు పట్టుకున్నారు.

"చూపియ్యకు బిడ్డా. మన వేలును నమ్ముతది, దాని ముక్కును నమ్మదు."

చిట్టి వెనక్కి తగ్గింది, తలెత్తింది, గాలిని ఒకసారి పీల్చి నేరుగా బీరువా దగ్గరికి నడిచింది. అంత కష్టపడ్డది కనుక తర్వాతి ముక్కను సులువైన చోట పెట్టి, పది నిమిషాలకే ఆట ముగించారు. చిట్టి నీళ్లు తాగి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది.

మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు నేర్పే విద్యకు మూలం కూడా కుక్కకున్న ఈ వాసన పట్టే గుణమే. పసిగట్టడం అనే మన మాటలో 'పసి' అంటే వాసనే కదా!

చలికాలంలో ఆట డాబా మీదికి మారింది. ఎండ పడకముందే పాత మేజోడు ఈడ్చుకుంటూ ఆమె ఒక వాసన దారి వేశారు, నీళ్ల ట్యాంకు దగ్గర ఒక మలుపు. చిట్టి మలుపు దాటిపోయింది. తాడు వదులుగానే పట్టుకుని ఆమె నిలబడ్డారు. చిట్టి మూడడుగులు వెనక్కి వచ్చి, ముక్కు నేలకు ఆనించి, ట్యాంకు వైపు తిరిగింది.