అశ్వవీరుల ప్రేమధర్మము

మధ్యయుగమునందలి ఐరోపా కథలలో 'నైటు' లనబడు అశ్వవీరులు స్త్రీని కొలిచిన తీరు చదివినవారు రెండు విధములుగా మాటలాడుచుందురు. స్త్రీజాతిని గౌరవించుట లోకమునకు నేర్పినవారు వీరేయని కొందరందురు. అది పరభార్యావ్యామోహమునకు కప్పిన పట్టువస్త్రమేయని మఱికొందరందురు. ఒక్క కవి రచించిన రెండు కావ్యములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఈ వివాదము తీరునని మా తలంపు.

ఆ కవి క్రెతియెన్ ద త్రువా. ఆయన 12వ శతాబ్ది యుత్తరార్ధమున ఫ్రాన్సుదేశమున నుండి, ఆర్థరురాజు పరివారమును గూర్చిన కథలను పద్యరూపమున రచించెను. సుమారు 1180 ప్రాంతమున వ్రాసిన 'లాన్సిలాట్' కావ్యమునకు వస్తువును, భావమును షాంపేను ప్రభ్వియగు మరీ యొసగెనని పీఠికలో ఆయనయే చెప్పుకొనెను.

అందలి ముఖ్యఘట్ట మిది. ఆర్థరుని రాణియగు గ్వినివీరును శత్రువు కొనిపోగా లాన్సిలాట్ ఆమెను వెదకుచు బయలుదేరును. త్రోవలో ఒక మరుగుజ్జు బండి తోలుకొనుచు ఎదురగును. అది నేరస్థుల నూరేగించు బండి. ఎక్కినవానికి మానము దక్కదు. ఎక్కినగాని రాణి జాడ తెలియదు. వీరుడు రెండడుగులు నడచునంతసేపు సంకోచించి, పిమ్మట నెక్కును. అటుపై కత్తివాదరయే వంతెనగా గల నదిని గాయపడుచు దాటి రాణిని చేరును. ఆమెయో మొగము త్రిప్పుకొనును. కారణ మా రెండడుగుల సంకోచమేయని తరువాత తెలియును!

ఈ ప్రేమలో స్త్రీ దేవతయైనది, నిజమే. కాని దేవతకు నివేదన కలదు గాని సంభాషణ లేదు. ఈ రీతి ప్రేమకు ఆస్థానప్రేమ యను అర్థమిచ్చు పేరును 1883లో వ్యాప్తికి దెచ్చినవాడు గాస్టన్ పారిస్ అను ఫ్రెంచిపండితుడు. ఆ 12వ శతాబ్దియందే ఆండ్రియాస్ కపెల్లానుస్ అనువాడు లాటినుభాషలో దీనికొక శాస్త్రమును గూర్చెను. దంపతులు విధికి బద్ధులగుటచే వారి నడుమ నిజమైన ప్రేమకు తావులేదని చెప్పు, 1174 నాటి యొక లేఖను అందు మరీ ప్రభ్వి పేర చేర్చెను. ఆనాటి ప్రభువుల యిండ్లలో పెండ్లి యనగా తఱచుగా భూములయు, వంశములయు పొత్తు. ఆ పెండ్లిని బాగుచేయుటకు మాఱు ప్రేమను గడపవెలుపల నిలిపిరి. ఆ గ్రంథమే పల్లెస్త్రీల విషయమున కొంత బలాత్కార ముచితమేయని బోధించుచున్నది. ఇది పరిహాసముగా వ్రాసినదని కొందఱు పండితులు వాదింతురు. పరిహాసమే యగుగాక, ఆ నవ్వులో కోటలోని దొరసానికి గల మన్నన పొలములోని స్త్రీకి లేదను నిజము బయటపడినది.

ఇక రెండవ కావ్యము సుమారు 1170 నాటి 'ఎరెక్, ఎనీడ్'. ఎరెక్ తన భార్యయందలి ప్రేమచే శౌర్యపరీక్షలను మానగా పరివారము నిందించును. ఆ నింద విని ఎనీడ్ కన్నీరు పెట్టును. అది తెలిసి భర్త యామెను ముందు గుఱ్ఱముపై నడువుమనియు, ఏమి చూచినను తనతో పలుకవలదనియు శాసించి అడవిదారి పట్టును. దొంగలు పైబడనుండగా ఆమె యాజ్ఞ మీఱి హెచ్చరించును. భర్త కసరును. మరల దొంగలు వత్తురు. ఆమె మరల పలుకును. తుదకు ఎరెక్ ఆమెను పరీక్షించితిననియు, క్షమించితిననియు చెప్పును. తన ప్రాణము నిలిపిన దానిని క్షమించుట! ఇచట కవి న్యాయము మాకు రుచింపదు.

అయినను మే మీ కావ్యమునే మేలైనదందుము. గ్వినివీరు పొందినది పూజ; ఎనీడ్ చేసినది సాహాయ్యము. ఆమె చూచినది, ఆలోచించినది, దండనకు వెఱవక పలికినది. లాన్సిలాట్ కత్తిపై నడచుటకన్న ఈ పలుకుట తక్కువ వీరకార్యము కాదు. కవి దానిని చిత్రించెను గాని, దానికి తగిన మన్ననను ఎరెక్ నోట పలికింపలేకపోయెను.

కావున ఈ కథలు చదువు గృహస్థులకు మా మనవి యొక్కటే. స్త్రీకెన్ని మ్రొక్కులు మ్రొక్కితిరని అడుగవలదు. ఆమె వలదన్నపుడు ఆగితిరా, చెప్పినపుడు వింటిరా యని అడుగుడు. ఆ కొలత ముందు లాన్సిలాట్ గాని, ఎరెక్ గాని నిలువలేరు. ఎనీడ్ ఒక్కతెయే నిలుచును.