బిలాస్‌పూర్‌లో కూపీ లాగేవాళ్లు

బిలాస్‌పూర్ మన రైల్వే కుటుంబాలకు కొత్త ఊరేం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగువాళ్లు అక్కడి క్వార్టర్లలో ఉన్నారు. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే కేంద్రం, ఛత్తీస్‌గఢ్ హైకోర్టు అక్కడే. బొగ్గు, టెండర్లు, దావాలు ఉన్నచోట విలేకరికి చేతినిండా పనే.

2014 నవంబరు 8న ఊరి శివారు పెండారిలో, మూతపడిన ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. కొన్ని గంటల్లో ఒకే సర్జన్ 83 మంది మహిళలకు ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. నిబంధన ప్రకారం రోజుకు ముప్పై దాటకూడదు. విలేకరి అసలు విద్య ఇక్కడే ఉంది: 83ని గంటలతో భాగించి చూడటం. ఒక్కో తల్లికి దక్కింది కొద్ది నిమిషాలే! ఎలుకల మందు కలిసిన మాత్రలే కారణమన్న మాట అధికారుల నుంచి వచ్చింది. దాన్ని రాసుకుని ఊరుకోకుండా పోస్టుమార్టం కాగితాలు అడగాలి, బాధితుల గడప తొక్కాలి. 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయమంది.

ఈ పనిలో జీతం అంతంతమాత్రం, ముప్పు మాత్రం నిండుగా.

2010 డిసెంబరులో బిలాస్‌పూర్ ప్రెస్ క్లబ్ కార్యదర్శి సుశీల్ పాఠక్ రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికెళ్తుంటే కాల్చి చంపారు. కేసు సీబీఐ దాకా వెళ్లింది.

బస్తర్‌లో విలేకరి ముకేశ్ చంద్రాకర్‌ది మరో దారి. 2021లో మావోయిస్టుల చెరలోని సీఆర్‌పీఎఫ్ కమాండో విడుదలకు తోడ్పడ్డాడు. తర్వాత బీజాపూర్ జిల్లా రోడ్డు పనుల్లో అక్రమాలు బయటపెట్టాడు. 2025 జనవరి 3న అతని శవం ఒక కాంట్రాక్టరు స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ప్రధాన నిందితుణ్ణి హైదరాబాద్‌లో పట్టుకున్నారు.