ఆ సున్నా ఏ సున్నా?

ఉదయం ఆరింటికి మా వర్క్‌షాపులో మొదటి పని అలారాలు మోగించడం. బల్ల మీద వరసగా గ్యాస్ మీటర్లు. ఒక్కోదాన్నీ ఆన్ చేసి, మంచి గాలిలో సున్నా సరిచూసి, సెన్సర్ల మీద క్యాప్ తొడిగి చిన్న సిలిండర్ తిప్పుతాను. అందులో ఏ గ్యాస్ ఎంతుందో లేబుల్ మీదే ఉంటుంది. మీథేన్ అయితే 2.5 శాతం, అంటే గాలిలో అంటుకునే కనీస మోతాదులో దాదాపు సగం. కాసేపట్లో అంకెలు పైకెక్కాలి, దీపాలు వెలగాలి, మీటరు చేతిలో వణుకుతూ కూత పెట్టాలి. దీన్నే బంప్ టెస్ట్ అంటాం. కొత్త కుర్రాళ్లు చెవులు మూసుకుంటారు. నాకు ఆ కూత వినందే రోజు మొదలైనట్టు ఉండదు.

చాలా ఏళ్ల కిందట విశాఖ వైపు ఒక ప్లాంటులో షట్‌డౌన్ పనికి వెళ్లాను. అక్కడ ఒక హెల్పర్ మీటర్లను బిడ్డల్లా చూసుకునేవాడు. ఒక సాయంత్రం వాటికి మెరుపు రావాలని సిలికాన్ స్ప్రే కొట్టి తుడిచాడు. రెండు రోజుల తర్వాత నేను గ్యాస్ పెట్టి చూస్తే, ఒక మీటరులో కార్బన్ మోనాక్సైడ్ అంకె లేచింది, హైడ్రోజన్ సల్ఫైడ్ లేచింది, మండే గ్యాస్ అంకె మాత్రం కదల్లేదు.

మండే గ్యాస్‌ను పట్టే సెన్సర్‌లో రెండు చిన్న పూసలుంటాయి, లోపల సన్నని ప్లాటినం తీగ. ఒక పూసకు ఉత్ప్రేరకం పూత ఉంటుంది. గ్యాస్ తగిలితే దాని మీద మండుతుంది, తీగ వేడెక్కుతుంది, రెండో పూసతో వచ్చే తేడాయే తెర మీద అంకె. సిలికాన్ ఆవిరి ఆ పూత మీద పొరలా పేరుకుంటే గ్యాస్ వచ్చినా మండదు. తీగ తెగలేదు, బ్యాటరీ నిండుగా ఉంది. తనకేదో అయిందని మీటరుకే తెలియదు. నిక్షేపంగా సున్నా చూపిస్తుంది.

బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కానరీ పిట్టలను వాడారు. విషవాయువు తగిలితే మనిషికన్నా ముందు పిట్ట కూలేది. పాపం, దాని చావే కబురు. మా సెన్సర్ చచ్చిపోయాక కూడా అంతా బాగుందనే చెబుతుంది.

ముక్కుందిగా అంటారు కొందరు. మీథేన్‌కు వాసనే లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి కొద్ది నిమిషాల్లోనే వాసన తెలియడం ఆగిపోతుంది. గ్యాస్ పోయిందనుకుంటాం. ముక్కు చెప్పే సున్నా అది.

వారం చివర కూర్చుని ఏడు రోజుల బంప్ టెస్ట్ గడులూ ఒకే పెన్నుతో నింపిన రిజిస్టర్లు చూశాను. నా కోపం ఇక్కడే. టైం లేదంటారు. మీటరుకు పట్టేది ఒకటి రెండు నిమిషాలు. ఆరు నెలలకోసారి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ వస్తోంది కదా అని ఇంకొకరు. ఆ కాగితం ఆ రోజు సంగతి చెబుతుంది. మీటరు నిన్న కింద పడిందా, నీళ్లలో తడిసిందా, ఎవరైనా ప్రేమగా పాలిష్ పెట్టారా, దానికెలా తెలుస్తుంది?

ఆ ప్లాంటులో నేను సెన్సర్ మార్చి, పాత పర్మిట్లు తిరగేశాను. ముందు రోజు మధ్యాహ్నం ఒక వెల్డర్ అదే మీటరు చూపిన సున్నాను నమ్మి ట్యాంకులోకి దిగాడు. రెండు గంటలు పని చేసి, చెమట తుడుచుకుంటూ పైకి వచ్చాడు. ఏమీ కాలేదు. లోపల నిజంగానే గ్యాస్ లేదో, ఉండీ నిప్పుకు అందలేదో ఈనాటికీ నాకు తెలియదు.

వెంటనే అతన్ని పిలిచి జరిగింది చెప్పాను. "అయితే నిన్నటి సున్నా ఏ సున్నా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ షట్‌డౌన్ అయ్యేదాకా రోజూ ఉదయం నా బల్ల పక్కన వచ్చి నిలబడేవాడు. మీటరు కూత పెట్టాకే హెల్మెట్ అందుకునేవాడు.